కొత్త స్క్రోల్ సా: బ్లేడు తెగుతోంది, కోత పక్కకు పోతోంది, టేబుల్ వణుకుతోంది

కోరమంగళ_కొయ్య:
బాల్కనీలో పెట్టుకోవడానికి 16 అంగుళాల స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే రంపం మెషిన్) తీసుకున్నాను. 12 ఎంఎం ప్లైవుడ్‌లో తెలుగు అక్షరాల నేమ్ ప్లేట్లు కోయాలని. మాన్యువల్‌లో థ్రోట్, కెర్ఫ్, పిన్‌లెస్, రివర్స్ టూత్ అంటున్నాడు, పనిలో వీటి సంగతేంటి? బ్లేడు ఊరికే తెగుతోంది, లేదంటే పై క్లాంపులోంచి జారిపోతోంది. గీత మీదే నెట్టినా కోత కుడికి లాగేస్తోంది. మోత సంగతి సరేసరి, కింది ఫ్లోర్ వాళ్లు ఊరుకునేలా లేరు.

మూలమట్టం:
ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. బ్లేడు ముట్టుకునే ప్రతిసారీ అంతే.

జారడానికి మామూలు కారణం నూనె. కొత్త బ్లేడ్లకు తుప్పు పట్టకుండా నూనె రాసి పంపుతారు. రెండు చివర్లూ ఒక సెంటీమీటరు మేర గుడ్డతో తుడిచి, 220 నంబరు ఉప్పుకాగితంతో ఒకసారి గీకండి. క్లాంపు స్క్రూ కొన కూడా చూడండి, నున్నగా అరిగిపోతే అక్కడా రెండు గీతలు గీకాలి. ప్లయరుతో బిగించారంటే మర పోతుంది, చేత్తోనే బిగించండి.

మీది పిన్‌లెస్ అయితే మంచిదే. చివర్లలో అడ్డంగా పిన్ను ఉన్న బ్లేడును అక్షరం లోపలి కోతకు దూర్చాలంటే 5, 6 ఎంఎం బెజ్జం కావాలి, సున్నాలో అంత చోటెక్కడ? పిన్ను లేనిదానికి 2 ఎంఎం చాలు. రెండూ 5 అంగుళాల పొడవే. నంబరు పెరిగేకొద్దీ బ్లేడు వెడల్పు, మందం పెరుగుతాయి. 12 ఎంఎం ప్లైకి 5 నంబరుతో మొదలుపెట్టండి. 6 ఎంఎం కంటే పల్చటి వాటికి 2 లేదా 3, 18 దాటితే 7 లేదా 9. చెక్క మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఉండాలి, లేకపోతే పన్ను చెక్కను కొరికి పైకి ఎగరేస్తుంది.

పళ్లు కిందికి చూడాలి. తలకిందులుగా పెడితే చెక్క పైకి లేచి టపటపా కొట్టుకుంటుంది. రివర్స్ టూత్ బ్లేడులో కింది చివర కొన్ని పళ్లు పైకి చూస్తాయి, ప్లైవుడ్ అడుగున పేళ్లు లేవకుండా అవి కోస్తాయి. బ్లేడును ఆడించే మెషిన్ చెయ్యి పూర్తిగా పైకి వెళ్లినప్పుడు వాటిలో రెండో మూడో మాత్రమే టేబుల్ పైన కనిపించాలి. ఎక్కువ కనిపిస్తే బ్లేడు కింది చివర కొంచెం కత్తిరించి, మళ్లీ కిందికి దించి బిగించండి.

టెన్షన్, అంటే బ్లేడు బిగువు, సరిపోయిందో లేదో వేలితో తెలుస్తుంది. మెషిన్ ఆపి ఉన్నప్పుడు బ్లేడు మధ్యలో పక్కకు నొక్కితే 3 ఎంఎం కదలాలి. అంతకన్నా వదులైతే వంకరపోతుంది, కోత గోడ ఉబ్బుతుంది. మరీ బిగిస్తే క్లాంపు దగ్గరే పుటుక్కుమంటుంది. మధ్యలో తెగితే మాత్రం మీరు తొందరగా నెడుతున్నారని, లేదా పళ్లు మొండివయ్యాయని.

రంపపుపొట్టు:
కుడికి లాగడం మీ తప్పు కాదండీ. తయారీలో బ్లేడుకు ఒక అంచున సన్నటి బర్ (లోహపు గరుకు) మిగిలిపోతుంది, అటువైపు ఎక్కువ కోస్తుంది. చెత్త చెక్క మీద నిటారు గీత గీసి, కోత గీత మీదే పోయేదాకా చెక్కను కొద్దికొద్దిగా తిప్పుతూ నెట్టండి. ఆ కోణం చేతికి అలవాటవుతుంది. బ్లేడు మారిస్తే మళ్లీ చూసుకోవాలి.

కెర్ఫ్ అంటే బ్లేడు తినేసిన చెక్క వెడల్పు. రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరాలంటే దాని లెక్క కావాలి, నేమ్ ప్లేటుకు పెద్దగా అక్కర్లేదు. థ్రోట్ అంటే బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా ఉన్న దూరం. 16 అంగుళాలు అంటే 32 అంగుళాల వెడల్పు పలకకు మధ్యదాకా చేరుతుంది.

మెషిన్ టేబుల్ కోణం చూపే స్కేలును మాత్రం నమ్మకండి. 40 ఎంఎం మందం దిమ్మె తీసుకుని లోతు లేని కోత ఒకటి పెట్టి, దిమ్మెను బ్లేడు వెనక్కి తిప్పి అదే కోతలోకి దూర్చండి. దూరితే టేబుల్ బ్లేడుకు 90 డిగ్రీల్లో ఉన్నట్టే. దూరకపోతే కనిపించే తేడా అసలు తప్పుకు రెట్టింపు, సగమే సరిచేయండి.

మూలమట్టం:
వణుకు గురించి చెప్పడం మర్చిపోయాను. బాల్కనీ టేబుల్ పల్చనిదైతే అదే డోలు. 18 ఎంఎం ప్లై రెండు పలకలు జోడించి పీఠం చేసి, నాలుగు కాళ్లనూ బోల్టులతో దానికి బిగించండి. పీఠం కింద మందపాటి రబ్బరు షీటు. వేగం కూడా నెమ్మదిగా పెంచి చూడండి, ఏదో ఒక వేగం దగ్గర మాత్రం ఎక్కువ ఊగుతుంది, అది వదిలేసి పనిచేయండి.

వైట్‌ఫీల్డ్_వడ్రంగం:
కరెంటు సంగతి ఎవరూ అనలేదు. కోస్తుండగా కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆఫ్ చేయండి. చాలా చవక మెషిన్లలో కరెంటు రాగానే తనంతట తాను తిరగకుండా ఆపే స్విచ్ ఉండదు. బ్లేడు విప్పుతుండగా కరెంటు వచ్చిందనుకోండి, ఇక చెప్పక్కర్లేదు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) తప్పనిసరి. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల మెషిన్ అయితే నేరుగా పెట్టకండి, మోటారు మాడిపోతుంది.

చేతి తొడుగులు వద్దు, వదులు చొక్కా చేతులూ వద్దు. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు కావాలి, ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టులో జిగురు కూడా ఉంటుంది. చెక్కను నొక్కిపట్టే హోల్డ్ డౌన్ కాలును తీసేయమని అనుభవజ్ఞులు చెబుతారు. చెయ్యి తిరిగేదాకా వినకండి.

కోరమంగళ_కొయ్య:
నూనె తుడిచాక జారడం లేదు, థాంక్యూ అండీ. అక్షరాల్లో ముందు ఏది కోయాలి? లోపలా, బయటా?

రంపపుపొట్టు:
లోపలివి ముందు. బయటి అంచు ముందే కోసేస్తే పట్టుకోవడానికి చెక్క మిగలదు, వేళ్లు బ్లేడు దగ్గరికి పోతాయి. తెలుగుకు ఇంకో చిక్కు, ఫాంటును బట్టి తలకట్టు అక్షరానికి అంటదు. ఒత్తులైతే చాలావాటిలో విడిగానే ఉంటాయి, కోయగానే రాలిపోతాయి. డిజైన్‌లోనే 3 ఎంఎం వంతెన గీసుకోండి, లేదా 4 ఎంఎం ప్లై పలక మీద ముక్కలన్నీ అతికించండి. టేబుల్ బెజ్జం పెద్దగా ఉంటే ఆ చిన్న ముక్కలు కింద పడిపోతాయి, సన్‌మైకా ముక్కకు బ్లేడు పట్టేంత బెజ్జం చేసి డబుల్ సైడ్ టేపుతో టేబుల్‌కు అంటించండి.