వచ్చే రాష్ట్రపతి ఎవరని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: ధర్మవరం టీచర్

ధర్మవరం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారి పదవీకాలం 2027 జులైలో ముగుస్తుంది కదా, తర్వాత ఎవరు రావచ్చో ఇంట్లో, వీధిలో ఐదుగురిని అడిగి రాసుకురమ్మని పదో తరగతి పిల్లలకు పని పెట్టాను. చీటీలన్నీ మూటగట్టి తెచ్చారు. ఎక్కువ మంది ముర్ము గారే మళ్ళీ వస్తారన్నారు. కొందరు ముఖ్యమంత్రుల పేర్లు చెప్పారు, ఒకాయన తన ఊరి సర్పంచి పేరు రాయించాడు.

ఒక అమ్మాయి చీటీలో మాత్రం పేరు లేదు. వాళ్ళ అవ్వ మగ్గం మీద ఉందట. ప్రశ్న విని, చేతిలో నాడె ఆపకుండానే, "నన్ను ఓటు అడగని ఎన్నికలో నా మాట ఎందుకు తల్లీ" అందట. ఆ పిల్ల దాన్ని ఉన్నదున్నట్టు రాసుకొచ్చింది. మూడు రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు. జనాభిప్రాయంతో పని లేని ఎన్నికలో ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పడం ఎలా? ఆ అవ్వకు నేను ఏం జవాబు చెప్పాలి?

జవాబు: కర్నూలు వకీలు

టీచర్ గారూ, ఆ అవ్వను ఓటు అడిగారు. 2024 మే 13న అడిగారు. ఆ రోజు ఆమె శాసనసభకు, లోక్‌సభకు వేసిన ఓట్లే 2027లో రాష్ట్రపతిని ఎన్నుకునే వాళ్ళను తయారుచేశాయి. ముందు ఈ మాట చెప్పండి.

ఇక లెక్క. ఎన్నికైన ఎమ్మెల్యేలు, ఎంపీలు మాత్రమే ఓటర్లు. నామినేట్ అయినవారికి ఓటు లేదు. రాష్ట్రం 1971 జనాభాను అక్కడి ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని వెయ్యితో భాగిస్తే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ తేలుతుంది. మన రాష్ట్రానికి సుమారు 2 కోట్ల 78 లక్షలు, 175 మంది, విలువ 159. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఎంపీ ఓటు 2022లో 700, ఈసారి కొంచెం మారవచ్చు. మీ ఉమ్మడి అనంతపురం జిల్లా పద్నాలుగు స్థానాలకు కలిపి 2,226 అవుతుంది. పిల్లలతో బల్ల మీద చేయించండి, పది నిమిషాల పని.

2022లో మన రాష్ట్రంలో ముర్ము గారిపై పోటీ చేసిన ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హా గారికి ఒక్క ఎమ్మెల్యే ఓటు కూడా రాలేదు. బద్ధ శత్రువులైన రెండు పార్టీలూ ముర్ము గారికే వేశాయి. అప్పుడు మన జనంలో ఎవరిని అడిగినా రెండు పార్టీలకూ పడదనే చెప్పేవారు. అందుకే జనం మాట కంటే పార్టీల పొత్తు చూడాలి. పొత్తు తెలిస్తే ఫలితం సగం తెలిసినట్టే.

జవాబు: అనంతపురం విశ్రాంత ఉద్యోగి

వకీలు గారు సగం తెలుస్తుందన్నారు. మిగతా సగం ఎంత బాధపెడుతుందో ఈ జిల్లావాళ్ళకు తెలుసు. 1969లో నాకు పద్నాలుగేళ్ళు.

ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి గారు లోక్‌సభ స్పీకర్ పదవి వదులుకుని రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి ఆయనే. ఎదురుగా వి.వి.గిరి గారు స్వతంత్ర అభ్యర్థి, ఆయనా తెలుగువారే. మూడో పక్షాన సి.డి.దేశ్‌ముఖ్ గారు. మా నాన్న వేరుశనగ కమిషన్ వ్యాపారి. మండీకి వచ్చిన రైతులందరిదీ ఒకే మాట, "మనవారు గెలిచినట్టే." పార్టీ బలం లెక్కేసుకుని ఆ మాటన్నారు, ఊరి అభిమానంతో మాత్రమే కాదు. ప్రధాని ఇందిరాగాంధీ గారు మనస్సాక్షి ప్రకారం ఓటు వేయమన్నాక కూడా మా నాన్న నమ్మకం సడలలేదు.

ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు. ఆ రోజు అమ్మ పొద్దున్నే ఓళిగలకు పూర్ణం సిద్ధం చేసుకుంది. పిండి తడిగుడ్డ కింద పెట్టింది. రాత్రి రేడియో చుట్టూ మా వీధంతా కూర్చుంది. గిరి గారు గెలిచారని చెప్పగానే ఎవరూ ఏమీ అనలేదు. పక్కింటి పెద్దాయన లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు నాన్న పత్రికలోని అంకెలు చిట్టా పుస్తకంలో పెన్సిల్‌తో దింపుకున్నాడు. ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని తన ప్రాధాన్యం రాస్తాడు. ఓటు విలువల్లో చూస్తే, మొదటి ప్రాధాన్యంలో గిరి గారికి 4,01,515, మనవారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ చేరలేదు. మిగిలినవాళ్ళను తొలగిస్తూ రెండో ప్రాధాన్య ఓట్లు కలుపుకుంటూ పోతే, మనవారికి 91,879 వచ్చి చేరాయి. గిరి గారికి వచ్చినవి 18,562 మాత్రమే. అయినా గిరి గారికి కావలసింది అంతకంటే తక్కువే. చివరికి 4,20,077 కు 4,05,427. తేడా 14,650. నాన్న ఆ తీసివేత మూడుసార్లు చేశాడు.

టీచరమ్మా, అందుకే పిల్లలకు ఒక్క పేరుతో ఆపవద్దు. "ఎవరికి మొదటి ఓటు, వాళ్ళు కాకపోతే ఎవరికి" అని రెండు ప్రశ్నలు అడిగించండి. ఈ ఎన్నికలో ఫలానావారికే వేయాలనే పార్టీ ఆదేశం (విప్) చెల్లదు, ఓటు రహస్యం. లోపల గడిలో నిలబడిన మనిషి చేతిలో ఉన్న కలం ఏం రాస్తుందో పార్టీ నాయకుడికి కూడా తెలియదు. 1969లో మా ఇంటి లెక్క తప్పింది అక్కడే.

జవాబు: నంద్యాల పాఠకుడు

పెద్దాయన చెప్పిన కథలో మా నంద్యాల భాగం ఉంది. 1977 మార్చిలో మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటి నంద్యాల, జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి గారు. మళ్ళీ స్పీకరయ్యారు, అదే ఏడాది జులై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఈసారి 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు, పోటీయే లేకుండా ఎన్నికయ్యారు. మా ఇంట్లో ఇప్పటికీ "మేం వేసిన ఓటే ఢిల్లీ దాకా నడిచింది" అంటారు. ఆ అవ్వకు ఇది కూడా చెప్పండి.

ధర్మవరం టీచర్

అందరికీ నమస్కారాలు. సోమవారం మా తరగతిలో రెండు ప్రాధాన్యాల చీటీలతో మళ్ళీ అడిగిస్తాను. అవ్వ దగ్గరకు మాత్రం నేనే వెళ్ళి 2024 ఓటు సంగతి, నంద్యాల సంగతి చెబుతాను. పెద్దాయనా, మీ నాన్నగారి చిట్టా పుస్తకం ఇంకా ఉందా?

అనంతపురం విశ్రాంత ఉద్యోగి

ఉందమ్మా, ఇనుప పెట్టెలో. ఒక వైపు వేరుశనగ బస్తాల తూకం, మరో వైపు ఆ మూడు పేర్లు. దేశ్‌ముఖ్ గారి పేరు మీద గీత కొట్టి ఉంది, మనవారి పేరు కింద మాత్రం గీత లేదు, కూడిక కూడా పూర్తి చేయలేదు. పెన్సిల్ రాత వెలిసిపోతోంది, ముట్టుకుంటే కాగితం చిట్లుతోంది. పిల్లలు జాగ్రత్తగా చూస్తామంటే సోమవారం ధర్మవరం బస్సెక్కుతాను. మీ బడికి ఏ స్టాపులో దిగాలో చెప్పండి.