తెరిచి మూసే పైకప్పు స్టేడియాలు: ప్రజల డబ్బు పెట్టొచ్చా?

టొరంటో తెలుగోడు:
మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం పైకప్పు మార్చడానికి 87 కోట్ల డాలర్లు పెడతామని 2024లో క్యూబెక్ ప్రభుత్వం ప్రకటించింది కదా. అప్పటి నుంచి మా ఫ్రెండ్స్‌లో ఇదే గొడవ. సగం మంది "టొరంటోలో తెరిచి మూసే కప్పున్న స్కైడోమ్ స్టేడియం చూడు, ఎంత హిట్టో" అంటారు, మిగతా సగం పన్నులు దండగ అంటారు. మీరేమంటారు?

బ్రాంప్టన్ బ్యాటర్:
దండగ ఎందుకవుతుంది? ఇక్కడ ఏప్రిల్‌లో కూడా మంచు పడుతుంది. 1982లో కెనడా ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ గ్రే కప్ పాత ఎగ్జిబిషన్ స్టేడియంలో కుండపోత వానలో జరిగి, జనం తడిసి ముద్దయ్యాకే కప్పున్న స్టేడియం కావాలని ఊరంతా పట్టుబట్టింది. 1989లో స్కైడోమ్ తెరిచారు. దాని కప్పులోని నాలుగు పలకల్లో మూడు కదులుతాయి, ఇరవై నిమిషాల్లో మైదానం మొత్తానికి ఎండ తగులుతుంది. 1991, 92, 93లో టొరంటో బేస్‌బాల్ జట్టు బ్లూ జేస్ ఆటలకు ఏటా 40 లక్షల మందికి పైగా వచ్చారు, 92లోనూ 93లోనూ బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ వరల్డ్ సిరీస్ కొట్టారు. కచేరీలు, ఫుట్‌బాల్, మొదట్లో రాప్టర్స్ బాస్కెట్‌బాల్ కూడా అక్కడే. ఇంకేం కావాలండీ?

మిస్సిసాగా మాట:
బ్యాటర్ గారూ, స్టేడియం బాగుందా లేదా అని ఎవరూ అడగట్లేదు. డబ్బు ఎవరు పెట్టారు, చివరికి ఎవరి చేతికి వెళ్ళింది, అది చూడండి. మొదట 15 కోట్ల డాలర్లు అన్నారు, అయింది 57 కోట్లు. ప్రైవేటు కంపెనీలూ వాటా పెట్టిన మాట నిజమే, కానీ అప్పు మాత్రం ఒంటారియో ప్రభుత్వం నెత్తిన పడింది. 1994లో ఆ అప్పులు తీర్చేసి సుమారు 15 కోట్లకు ప్రైవేటు వాళ్ళకు అమ్మేశారు, వాళ్ళూ నాలుగేళ్ళకే దివాలా రక్షణ కోరారు, ఆఖరికి 2004లో బ్లూ జేస్ యజమాని రోజర్స్ కంపెనీ రెండున్నర కోట్లకు కొనుక్కుంది. 57 కోట్ల కట్టడం రెండున్నర కోట్లకు! జనం వస్తున్నంత మాత్రాన పన్ను కట్టినవాడికి లాభం వచ్చినట్టా?

బ్రాంప్టన్ బ్యాటర్:
అమ్మిన తీరు తప్పే, ఒప్పుకుంటా. అది కప్పు తప్పు కాదుగా. ఈ మధ్య రిపేర్లూ హంగులూ అన్నీ రోజర్స్ సొంత డబ్బుతోనే చేయించింది, 2025లో వరల్డ్ సిరీస్ మళ్ళీ అక్కడే చూశాం.

మిస్సిసాగా మాట:
నేనూ అదే అంటున్నా, లాభం తీసుకునేవాడే ఖర్చు పెట్టుకోవాలి. ప్రభుత్వం పెట్టేటట్టయితే యాజమాన్యం వదలకూడదు, అంచనా దాటిన ప్రతి డాలరూ జట్టు యజమాని భరించాలని ముందే రాసుకోవాలి. ఇక మాంట్రియల్ సంగతి మరీ ఘోరం. 1976 ఒలింపిక్స్‌కి అందాల్సిన కప్పు 1987లో వచ్చింది, స్టేడియం టవర్ నుంచి కేబుళ్ళతో పైకి లాగే గుడ్డ కప్పు, గాలికి చిరుగుతూనే ఉండేది. 1998లో దాన్ని తీసేసి కదలని కప్పు వేశారు, మరుసటి ఏడాదే మంచు బరువుకి అదీ చిరిగింది. ఆ స్టేడియం అప్పు తీరేసరికి 2006 వచ్చింది, అప్పటికే అక్కడ ఆడే బేస్‌బాల్ జట్టు ఎక్స్‌పోస్ వాషింగ్టన్ వెళ్ళిపోయింది. సొంత బేస్‌బాల్ జట్టు లేని చోట 87 కోట్లు పెడుతున్నారు, పైగా ఇప్పుడు వేసేది కూడా తెరుచుకోని కప్పే.