మత్తులో పడ్డ కుర్రాడి కథ: సెకండాఫ్‌లో మార్పు నమ్మేలా ఎలా రాయాలి?

వశిష్ఠరాతలు:
నమస్కారం అండి. రెండు గంటల లోపు సినిమాకి స్క్రిప్టు రాస్తున్నాం. రాజోలు వైపు కుర్రాడు, 23 ఏళ్లు, డిగ్రీ మధ్యలో వదిలేశాడు. నాన్న కువైట్‌లో, అమ్మ ఇంట్లో. చేతిలో డబ్బు, కింద బండి, చేసేందుకు పనేమీ లేదు. గంజాయితో మొదలై టపెంటడాల్ అనే నొప్పి మాత్రల దాకా వెళ్తాడు. రావులపాలెం, కాకినాడ, మళ్లీ ఊరు, ఇలా తిరుగుతూనే ఉంటాడు. ఇంటర్వెల్‌కి స్నేహితుడు చనిపోతాడు. సెకండాఫ్‌లో వీడు మారాలి. ఇప్పటి డ్రాఫ్టులో ఒక్క పాటలో గడ్డం గీసుకుని, గోదాట్లో మునిగి లేచి మంచోడైపోతున్నాడు. చదివినవాళ్లు ఒక్కరూ నమ్మట్లేదు.

మానేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది? మత్తు మాన్పించే సెంటర్, పోలీసు సీన్లలో ఏ తప్పులు దొర్లుతాయి? మారుతున్నవాడి చేత ఏ పని చేయించాలి? షూటింగ్ సఖినేటిపల్లి, నర్సాపురం, అంతర్వేది చుట్టుపక్కల. బడ్జెట్ చిన్నది.

కౌన్సెలింగ్‌గది:
ముందు గంజాయినీ మాత్రల్నీ విడదీయండి. గంజాయి మానినవాడు సినిమాల్లోలా గిలగిలా కొట్టుకోడు. చిరాకు, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, పట్టినా పిచ్చి కలలు. మొదటి వారం ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. మూర్ఛ రావడం, లేని మనుషులు కనపడడం ఎక్కువగా మద్యం ఉన్నట్టుండి ఆపినవాళ్లలో చూసేవి. మనవాళ్లు వాటిని తెచ్చి ప్రతి మత్తుకీ అంటగడతారు.

టపెంటడాల్ నల్లమందు జాతిది. ఆఖరి మాత్ర వేసుకున్న సగం రోజుకి ఆవులింతలు ఆగవు, కళ్లూ ముక్కూ కారతాయి, ఒళ్లు గగుర్పొడుస్తుంది. రెండో, మూడో రోజు గడ్డుకాలం: కాళ్లు లాగేస్తుంటే ఒక్కచోట పెట్టలేడు, వాంతులు, విరేచనాలు. వారానికి ఒళ్లు కుదుటపడుతుంది గానీ నిద్ర కుదుటపడదు, మాత్ర మీద మనసు పోదు. క్లోజప్ తీస్తే కంటిపాప చూసుకోండి. మత్తులో ఉన్నప్పుడు సూదిమొనంత, మానేటప్పుడు పెద్దది. చాలామంది తిరగేసి తీస్తారు.

స్నేహితుడి చావుకి అరుపులూ నురగలూ వద్దు. ఈ జాతి మందు ఎక్కువైతే మనిషి గురక పెడుతున్నట్టే ఉంటాడు. ఊపిరి తగ్గుతూ పెదాలు నీలంగా మారతాయి. పక్కవాళ్లు నిద్రనుకుంటారు. దానికి మద్యం తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంకో మాట, మీ కథకి ఇదే ఇరుసు: కొన్ని వారాలు మానేశాక ఒంటికి పాత అలవాటు పోతుంది. అప్పుడు మునుపటి లెక్కలోనే వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఆ స్నేహితుణ్ణి సెంటర్ నుంచి తిరిగొచ్చాకే చంపండి. అదే ముప్పు సెకండాఫ్ అంతా హీరో నెత్తి మీద ఉంటుంది, విలన్ అక్కర్లేదు.

సెంటర్ సీనుకి నాటకం కావాలంటే చికిత్సలోనే ఉంది. నాలుక కింద పెట్టే బూప్రెనార్ఫిన్ అనే మందు, మానేటప్పటి బాధ మొదలయ్యాకే ఇవ్వాలి. తొందరపడి ఇస్తే ఆ బాధే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. "ఆఖరిది ఎప్పుడేశావ్ బాబూ?" అని డాక్టరు అడిగితే వీడు "నిన్న పొద్దున్నండి" అని అబద్ధమాడతాడు. గంటలోపే ఫలితం కనపడుతుంది. మళ్లీ తీసుకోకుండా ఇచ్చే నాల్ట్రెక్సోన్‌కైతే కనీసం 7 నుంచి 10 రోజులు ఖాళీ కడుపు కాదు, ఈ జాతి మందు పడని ఖాళీ ఒళ్లు కావాలి. సంకెళ్ల సీను పెట్టాలనుకుంటే, గొలుసులతో కట్టడం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం నిషిద్ధం. అది తప్పు చేస్తున్న సెంటర్ అని తెలిసేలా తీయండి. గోడ మీద పోస్టరు కావాలంటే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నిజమైనదే.

కత్తెరబల్ల:
చట్టం సంగతి. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్, 1985)లో గంజాయికి చిన్న పరిమాణం 1 కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. జేబులో పొట్లం దొరికినవాణ్ణి "ఇరవై ఏళ్లు లోపలేస్తా" అని ఎస్సై బెదిరించొచ్చు, కోర్టు మాత్రం అలా వేయదు. చిన్న పరిమాణానికి ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. తనంతట తాను చికిత్సకి వెళ్లేవాడికి 64ఎ సెక్షన్ కింద రక్షణ ఉంది. లాయరు పాత్ర ఉంటే ఆ ఒక్క డైలాగు చాలు.

మాత్ర పేరు స్క్రీన్ మీద చూపించకండి, ఎలా వాడతారో అసలే వద్దు. మత్తుని గొప్పగా చూపించకూడదని సెన్సార్ మార్గదర్శకాల్లోనే ఉంది. 2023 సవరణ తర్వాత పెద్దల తోడుతో చూసే యూఏ సర్టిఫికెట్‌లో 7+, 13+, 16+ వచ్చాయి. ఈ కథకి 16+ అనుకునే రాసుకోండి. సిగరెట్ కనపడితే మొదట్లోనూ ఇంటర్వెల్ తర్వాతా ప్రకటనలు తప్పవు.

రొయ్యలమకాం:
పని గురించి. కొబ్బరి దింపు ఎక్కించకండి, నిద్రలేని మనిషి చెట్టెక్కితే ఇంకో సినిమా అవుతుంది. వనామీ రొయ్యల చెరువు మీద పెట్టండి. చెరువులో ఆక్సిజన్ తెల్లారగట్ల అన్నిటికన్నా తక్కువ. లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి పడితే రొయ్య పైకి తేలి గట్లంట చేరుతుంది. మూడింటికి కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయనుకోండి. ఆ చప్పుడు ఆగడంతోనే వాడికి మెలకువ వస్తుంది. జనరేటర్ సెల్ఫ్ తిరుగుతుంది గానీ అందుకోదు, డీజిల్ లైన్లో గాలి పట్టింది. ఫిల్టర్ మీద స్క్రూ వదులుచేసి, చేతిపంపు కొడుతూ బుడగలు పోయేదాకా ఆగి, బిగించి మళ్లీ కొట్టాలి. వణికే వేళ్లతో ఆ స్క్రూ చూపించండి, మీకు పాట అక్కర్లేదు.

ఆడియో గొడవ: రాత్రిపూట ఏరియేటర్లు మీకోసం ఎవరూ ఆపరు. మాటలున్న సీన్లు ఎండ బాగా కాసే మధ్యాహ్నం పెట్టుకోండి, అప్పుడు ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కొన్నయినా ఆపమని రైతుని అడగొచ్చు.

గోదారి దాటించే పంటు సీన్లకి పోటూ పాటూ చూసుకోండి. సముద్రం దగ్గర కాబట్టి రేవులో నీటిమట్టం ఆరేడు గంటల్లో మారిపోతుంది. పోనీ రేపు ఇదే టైముకి తీద్దాం అంటే కుదరదు, పోటు రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంది. ఎర్రనీళ్లు కావాలంటే జూలై, ఆగస్టు. కాకపోతే ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, పంటు ఆగిపోతుందనే లెక్కతోనే షెడ్యూలు వేయండి. పొగమంచుకి డిసెంబరు, జనవరి. సంక్రాంతి మూడు రోజులూ సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే మాటల రికార్డింగు) ఆశ పెట్టుకోవద్దు, కోడిపందేల బరుల దగ్గర మైకులు వదలవు.

కౌన్సెలింగ్‌గది:
చెరువు సీను బాగుంది గానీ ఒక్క అభ్యంతరం అండి. రాత్రి కాపలా అంటే ఒంటరితనం, నిద్రలేమి. ఆపైన చేతికి కూలి డబ్బు. మళ్లీ జారడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. సెంటర్ నుంచి రాగానే పెట్టకండి. మొదటి నెలలు పగటిపూట మేత వేయడం, రొయ్య మేత తిన్నదో లేదో తెలిపే చెక్ ట్రే తీసి చూడడం, పక్కన పెద్దమనిషి. రాత్రి డ్యూటీ తర్వాత.

వశిష్ఠరాతలు:
చాలా థాంక్సండి. మరి కూలి డబ్బు సంగతి? అమ్మ చేతికిస్తే సరిపోతుందా?

కౌన్సెలింగ్‌గది:
నోటయితే సరిపోయేది. ఇప్పుడు అమ్మేవాడు కూడా ఫోన్‌పేలోనే తీసుకుంటాడు. వాడి సిమ్ మార్పించండి, యూపీఐ తీయించండి, మేస్త్రి నేరుగా అమ్మ ఖాతాలో వేసేలా రాయండి. తర్వాత ఒకరోజు టీకి ఇరవై రూపాయలు అమ్మని అడగాల్సొస్తుంది చూడండి, ఆమె ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తుంది. ఆ సీను మాత్రం కత్తిరించకండి.