పిల్లికి మూత్రంలో రక్తం పడితే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలా, ముందు పరీక్ష చేయించాలా?

నయీంనగర్ నివాసి
మా ఇంట్లో నాలుగేళ్ల మగపిల్లి ఉంది, చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. నిన్నటి నుంచి అది పదేపదే ఇసుక ట్రేలోకి వెళ్లి కూర్చుంటున్నది, ప్రతిసారీ చెంచాడు మూత్రమే వస్తున్నది, ఈ ఉదయం స్నానాలగది బండల మీద పోసిన చోట లేత గులాబీ రంగు కనిపించింది. దగ్గరలోని మెడికల్ షాపులో అడిగితే యూరిన్ ఇన్ఫెక్షనేనని చెప్పి ఐదు రోజులకు సరిపడా యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు. మా అక్క మాత్రం మూత పగలగొట్టవద్దని, ముందు పశువైద్యుడికి చూపించి మూత్రపరీక్ష చేయించమని పట్టుబడుతున్నది. మందు మొదలుపెట్టి, తగ్గకపోతే పరీక్షకు వెళ్లడంలో తప్పేముంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

భూపాలపల్లి ఉద్యోగి
తప్పేమీ లేదని నా అభిప్రాయం. మా ఊళ్లో పిల్లి మూత్రానికి కల్చర్, అంటే అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో ల్యాబులో చూసే పరీక్ష, చేయించాలంటే నమూనా హనుమకొండకో హైదరాబాదుకో వెళ్లాలి, రిపోర్టు రావడానికి మరో రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటిదాకా ఆ మూగజీవం అరుస్తూ ట్రే చుట్టూ తిరుగుతుంటే చూస్తూ కూర్చోవాలి. మా పిల్లులు రెండింటికీ ఇదే బాధ వచ్చింది, రెండింటికీ యాంటీబయాటిక్ వాడాము, నాలుగైదు రోజుల్లో మామూలయ్యాయి. పుస్తకాల్లోని వైద్యం వేరు, మన ఊళ్లలో వీలయ్యే వైద్యం వేరు.

పశువైద్యుడు, మంచిర్యాల
నయీంనగర్ వారికి ముందుగా ఒక మాట. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది, అందులో జిగురు గడ్డో చిన్న రాయో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అలా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. చెంచాడైనా వస్తున్నదంటున్నారు కాబట్టి కొంత నయమే, అయినా ఈ రోజే చూపించండి. చుక్క కూడా రాకుండా ముక్కుతున్నా, వాంతి చేసుకున్నా, పొట్ట కింది భాగం ముట్టుకుంటే బత్తాయి కాయలా గట్టిగా తగిలినా అది అర్ధరాత్రయినా బయలుదేరవలసిన పరిస్థితి. ఆ అడ్డును ఏ సిరప్పూ తొలగించలేదు.

ఇక అసలు ప్రశ్న. మనుషుల్లో, ముఖ్యంగా ఆడవారిలో, మూత్రంలో మంట అంటే చాలాసార్లు బ్యాక్టీరియానే కారణం, అందువల్ల పిల్లి విషయంలోనూ మనకు అదే తోస్తుంది. పదేళ్లలోపు పిల్లుల్లో పరిస్థితి దాదాపు తలకిందులు. ఇలాంటి లక్షణాలతో వచ్చేవాటిలో సగానికి పైగా స్పష్టమైన కారణం దొరకని మూత్రాశయ వాపు ఉంటుంది, దానికి ఒత్తిడితో దగ్గరి సంబంధం ఉంది. కొన్నింటిలో రాళ్లు, అడ్డంకులు ఉంటాయి, బ్యాక్టీరియా నిజంగా దొరికేవి బహు కొద్ది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రం చాలా చిక్కగా ఉంటుంది, అంత చిక్కని మూత్రంలో బ్యాక్టీరియా సులభంగా బతకదు.

భూపాలపల్లి సోదరుని అనుభవాన్ని నేను కాదనడం లేదు, దాని అర్థం మాత్రం వేరు. కారణం దొరకని ఈ వాపు ఏ మందూ వాడకపోయినా చాలా పిల్లుల్లో ఐదు నుంచి ఏడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ కోర్సు కూడా సరిగ్గా ఐదు నుంచి ఏడు రోజులే ఉంటుంది. మందు వాడారు, తగ్గింది, పేరు మందుకు దక్కింది. మూడు నెలలకు మళ్లీ వస్తే మళ్లీ అదే సిరప్, ఆ తర్వాత అంతకంటే ఘాటైనది. మా దగ్గరికి వచ్చేసరికి కొన్ని పిల్లులు ఇలాగే రకరకాల యాంటీబయాటిక్‌లు దాటుకొని వస్తాయి, వాటి మూత్రంలో బ్యాక్టీరియా ఉన్నదో లేదో ఒక్కసారి కూడా ఎవరూ చూసి ఉండరు. ఎన్రోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు మోతాదు మించితే పిల్లి కంటిపొర దెబ్బతిని చూపు పోయే ప్రమాదం కూడా ఉంది.

కాజీపేట అమ్మమ్మ
డాక్టర్ గారూ, మీరు చెప్పినది వయసులో ఉన్న పిల్లులకు సరిపోతుంది, మా ముసలిదానికి సరిపోలేదు. పదమూడేళ్ల ఆడపిల్లి, కిడ్నీలు అప్పటికే బలహీనపడ్డాయి. మేము మొదట చూపించిన చోట ఒత్తిడి వల్ల వచ్చిందని చెప్పి మూత్రం పరీక్షించకుండానే పంపించారు. మరోచోట కల్చర్ చేయిస్తే ఈకోలై అనే బ్యాక్టీరియా బయటపడింది, తగిన మందు పడ్డాక గానీ అది మళ్లీ తిండి ముట్టలేదు. ఇన్ఫెక్షన్ అరుదు అన్న మాటను కూడా కొందరు పరీక్ష ఎగ్గొట్టడానికి వాడుకుంటున్నారు, ఆ సంగతీ రాయండి.

పశువైద్యుడు, మంచిర్యాల
అమ్మా, మీ మాట పూర్తిగా నిజం. పదేళ్లు దాటిన పిల్లుల్లో, కిడ్నీ జబ్బు, షుగరు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వంటివి ఉన్నవాటిలో ఇన్ఫెక్షన్ బాగానే కనిపిస్తుంది, మూత్రాశయంలోకి గొట్టం వేసిన తర్వాత కూడా అంతే. కిడ్నీలు బలహీనపడితే మూత్రం పలచబడుతుంది, ముందు చెప్పిన రక్షణ పోతుంది. వయసు చూసి అంచనా వేయవచ్చు గానీ, అంచనాను పరీక్ష అనుకోకూడదు. ఇన్ఫెక్షన్ అని ఊహించి మందు పోయడం, కాదని ఊహించి ఇంటికి పంపడం, రెండూ ఒకే తప్పు.

భూపాలపల్లి ఉద్యోగి
సరే, ఒప్పుకుందాం. రిపోర్టు వచ్చేదాకా నొప్పికి ఏమి చేయాలి? మా వీధి ల్యాబులో మనుషుల మూత్రపరీక్ష పట్టీతో చూసి చీము కణాలు ఉన్నాయని అరగంటలో రాసిచ్చారు, దానిని కూడా నమ్మకూడదా?

పశువైద్యుడు, మంచిర్యాల
ఆ పట్టీ మీద తెల్లకణాలు, అంటే మీరన్న చీము కణాలు, చూపించే గడి పిల్లి మూత్రంలో తరచుగా అబద్ధమే చెబుతుంది, చిక్కదనం చూపించే గడి కూడా నమ్మదగినది కాదు. రక్తం, గ్లూకోజ్ వరకు పనికి వస్తుంది. స్ఫటికాలు ఉన్నాయని రాస్తే ఆ నమూనా ఎంతసేపు నిలువ ఉన్నదో అడగండి, ఫ్రిజ్‌లో పెట్టిన మూత్రంలో అవి తర్వాత ఏర్పడుతుంటాయి.

నొప్పికి యాంటీబయాటిక్ మందు కాదు. పిల్లికి సరిపడే నొప్పి మందులు వేరుగా ఉన్నాయి, పశువైద్యుడు బరువు చూసి ఇస్తాడు. దయచేసి ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేయవద్దు. దానిని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క బిళ్ల కూడా ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు.

జనగామ రైతు
మా దగ్గర ఒంట్లో వేడి చేసిందని కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు పోస్తారు. ఎండాకాలంలో పిల్లికి కూడా మంచిదే కదా?

పశువైద్యుడు, మంచిర్యాల
కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రం ఆగిన పిల్లికి పొటాషియమే శత్రువు కాబట్టి వద్దు. పలచటి బార్లీ నీళ్లతో హాని లేదు గానీ పిల్లి తాగదు, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నయీంనగర్ నివాసి
సాయంత్రమే చూపించాము. మూత్రాశయం మెత్తగానే ఉన్నదని, స్కానింగులో రాయి లేదని చెప్పారు. పొట్ట మీద చిన్న చోట వెంట్రుకలు తీసి, స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో మూత్రాశయం నుంచే నేరుగా మూత్రం తీశారు. నాకు భయమేసింది గానీ పిల్లి ఇంజెక్షన్‌కు చేసినంత గోల కూడా చేయలేదు. మైక్రోస్కోపులో రక్తకణాలు తప్ప బ్యాక్టీరియా కనిపించలేదు, కల్చర్‌కు పంపారు. నొప్పి మందు ఇచ్చారు. సిరప్ సీల్ అలాగే ఉంది. ఇంట్లో కొత్తగా ఏమి మారిందని అడిగితే గుర్తొచ్చింది, తమ్ముడి పెళ్లికి సున్నాలు వేయిస్తూ దాని ట్రేను మేడ మీదికి మార్చాము, ఇల్లంతా చుట్టాలు. నీళ్లు ఎక్కువ తాగించమన్నారు, అదెలాగో అర్థం కావడం లేదు.

కాజీపేట అమ్మమ్మ
తాగించడం కంటే తినిపించడం సులభం బిడ్డా. ఎండు గింజల తిండిలో నీరు నూటికి పది పాళ్లే ఉంటుంది, తడి ఆహారంలో డెబ్బై ఎనభై పాళ్లు ఉంటుంది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం నీళ్లను దాని తిండిలో కలపండి. నీళ్ల గిన్నెను తిండి గిన్నెకు దూరంగా, వెడల్పుగా ఉన్నది పెట్టండి. ట్రేను పాత చోటికే తెచ్చి, మరొకటి అదనంగా పెట్టి, పెళ్లి అయ్యేదాకా ఒక గది తలుపు చుట్టాలకు మూసేయండి. గడ్డకట్టే ఇసుక వాడితే రోజుకు ఎన్ని గడ్డలు, ఎంతెంత పెద్దవి అన్నది తీసేటప్పుడే తెలుస్తుంది. చిన్నచిన్న గడ్డలు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టినట్టే.

భూపాలపల్లి ఉద్యోగి
లేత పిల్లి విషయంలో నా వాదన వదులుకుంటున్నాను. ముసలి పిల్లికి జ్వరం వచ్చి తిండి మానేస్తే మాత్రం రిపోర్టు కోసం మూడు రోజులు ఆగను.

పశువైద్యుడు, మంచిర్యాల
ఆగవద్దు, అక్కడ నేనూ మీ పక్షమే. వరుసక్రమం మాత్రం మార్చకండి. ముందు నమూనా, తర్వాత మొదటి మోతాదు. ఒక్క మోతాదు లోపలికి పోయినా కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, అప్పుడు రిపోర్టు ఉండి కూడా లేనట్టే. మీ ఊళ్లోని పశువైద్యుడు సూదితో తీసిన మూత్రాన్ని శుభ్రమైన మూత డబ్బాలో పోసి, ఐస్ ప్యాక్‌తో చల్లగా ఉంచి, ఇరవై నాలుగు గంటల్లోపు హనుమకొండ చేర్చితే చాలు. కల్చర్ మనుషుల ల్యాబులో చేయించినా ఫరవాలేదు, ట్రేలో నుంచి ఎత్తిన మూత్రం మాత్రం దానికి పనికి రాదు. బ్యాక్టీరియా తేలితే, పెంపుడు జంతువుల అంటువ్యాధులపై పనిచేసే అంతర్జాతీయ సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు మూడు నుంచి ఐదు రోజుల మందు సాధారణంగా సరిపోతుంది. మీరు చెప్పినట్టు జ్వరం, తిండి మానడం ఉంటే కిడ్నీ దాకా పోయిందేమో చూడాలి, అప్పుడు మందు రోజులు పెరుగుతాయి. నమూనా పంపిన రోజే ఆ మాట ల్యాబు చీటీ మీద రాయించండి.