బెంగళూరు కష్టాలకు వలస వచ్చినవాళ్లమే కారణమా?

సీమబిడ్డ:
"బయటివాళ్ల రాక ఆపితే గానీ ఈ ఊరు బాగుపడదు" అనే మాట ఈమధ్య మరీ ఎక్కువైంది. నేను ఒప్పుకోను. 2001లో సుమారు 57 లక్షలున్న జనం 2011 లెక్కలకి 85 లక్షలకు చేరారు. ఆ పదేళ్లలోనే ఈ ఊరి ఐటీ, దాని చుట్టూ హోటళ్లు, క్యాబులు, ఇళ్ల కట్టుబడి అన్నీ పెరిగాయి. జీఎస్టీ వసూళ్లలో మహారాష్ట్ర తర్వాత కర్ణాటక నిలబడిందంటే అందులో వలస వచ్చిన మన తెలుగువాళ్ల చెమటా ఉంది. 2007లో బీబీఎంపీలో, అంటే అప్పటి నగరపాలక సంస్థలో, 110 పల్లెల్ని కలిపారు. వాటికోసమని చెప్పిన కావేరి నీటి పథకం అయిదో దశ మొదలైంది 2024 అక్టోబరులో! ఈలోగా అపార్ట్‌మెంట్లకు అనుమతులు ఒక్క ఏడాదైనా ఆగాయా?

కోలారు తెలుగు:
అన్నా, మేం తెలుగువాళ్లమే, కానీ వలస రాలేదు. తరతరాలుగా ఈ నేలవాళ్లం. మీరు పైపుల ఆలస్యం గురించి చెప్పారు, అసలు నీళ్లెక్కడివి? 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కావేరి నీళ్లలో కర్ణాటక వాటాకు 14.75 టీఎంసీలు కలిపింది, అందులో బెంగళూరుకు 4.75. జనం పెరిగారు కదా అని నది పెరగదు. వంద కిలోమీటర్ల అవతలినుంచి ఎత్తుమీదికి తోడి తెస్తున్నారు. ఇక మీరు వాడి వదిలిన నీళ్లు కేసీ వ్యాలీ పథకం కింద మా జిల్లా చెరువులకొస్తాయి. బోర్లు కోలుకున్నాయనేవాళ్లూ ఉన్నారు. మూడో విడత శుద్ధి కూడా చేసి పంపండని రైతులు మొదటినుంచీ అడుగుతూనే ఉన్నారు. ఎదుగుదల మీకు, మురుగు మాకా?

మారతహళ్లి పీజీ:
నీళ్ల కరువొచ్చిన 2024 మార్చి నాకింకా గుర్తే. పొద్దున్నే మా పీజీకి (పేయింగ్ గెస్ట్ హాస్టల్‌కి) ట్యాంకరొస్తే ఓనరాంటీ ముందు వంటింటి డ్రములు నింపించి, ఆ తర్వాతే మా ఫ్లోరుకు మోటారు వేసేది. అన్నం తిన్న కంచాలు కడగొద్దని కాగితం ప్లేట్లు పెట్టారు. 12,000 లీటర్లకు, అయిదు కిలోమీటర్లలోపైతే, వెయ్యి రూపాయలని అధికారులు ధర కట్టారు. మా గేటు దగ్గర ఆ ధరకు పోసినవాడు లేడు. అద్దె మాత్రం తగ్గలేదు. అక్కడ ఉండే ఆడపిల్లల్లో సగంమంది మొదటి ఉద్యోగం వాళ్లు, వాళ్లను పట్టుకుని "మీవల్లే నీళ్లు అయిపోయాయి" అంటే ఎలాగండీ?

సీమబిడ్డ:
కోలారు తమ్ముడి మురుగు మాట న్యాయమైనది. శుద్ధి ఖర్చు బెంగళూరే పెట్టుకోవాలి, మా మెయింటెనెన్సులో కలిపినా సరే ఇస్తాను. కానీ అడిగేదెవర్ని? 2020 సెప్టెంబరులో బీబీఎంపీ పాలకమండలి గడువు తీరాక ఏళ్ల తరబడి వార్డుకు కార్పొరేటరే లేడు. కాలువ పొంగితే ఫోను ఎవరికి చెయ్యాలో తెలియదు.

కోలారు తెలుగు:
ఉన్నా మీరు అడిగేవాళ్లా? 2024లో ఇక్కడ పోలింగు ఏప్రిల్ 26న, ఆంధ్రాలో మే 13న. మే రెండో వారంలో ఇక్కణ్నుంచి కడప, అనంతపురం బస్సులు ఎలా కిక్కిరిశాయో మీకే తెలుసు. ఓటు ఊళ్లో ఉంచుకుంటే ఇక్కడి నాయకుడికి మీ వీధితో పనేముంది?

మారతహళ్లి పీజీ:
పీజీలో ఉండేవాళ్లకు ఓటు మార్చుకోవడం అంత తేలికా? అడ్రసు రుజువుకు అగ్రిమెంటు లాంటిదేదైనా కావాలి. మా ఓనరు రసీదే ఇవ్వదు.

సీమబిడ్డ:
అయితే మొదలు అక్కడే పెట్టాలి. నేను కొత్త ఓటర్లు నింపే ఫారం 6 కాదు, ఇల్లు మారినవాళ్లు నింపే ఫారం 8 పెట్టబోతున్నా. పీజీవాళ్లకు దారి ఏమిటో బూత్ అధికారినే అడిగి ఇక్కడ రాస్తా.