నంబరు ‘ఎక్కించుకో’: ‘సేవ్’కి తెలుగు మాట మన నోట్లోనే ఉందా?

నిన్న ఇక్కడ ఒకరు ‘నంబర్ సేవ్ చేయడం’ అనేదానికి తెలుగు మాట అడిగారు. ‘భద్రపరచడం’ అని వరసగా జవాబులొచ్చాయి. తప్పని అనను. కానీ ఫోన్ చేతిలో పట్టుకుని ఎదుటి మనిషితో ‘నా నంబరు భద్రపరచుకోండి’ అని ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. బటన్లు నొక్కే పాత ఫోన్ల రోజుల్లో మన నోటికి ఏ మాటలు వచ్చేవో గుర్తు చేసుకుంటే అసలు జవాబు దొరుకుతుందనిపించి ఈ చర్చ విడిగా పెడుతున్నాను.

అప్పట్లో ‘సేవ్’ కన్నా ‘ఫీడ్’ ఎక్కువ వినబడేది. ‘నా నంబర్ ఫీడ్ చేసుకున్నావా?’, ‘ఫీడ్ చేసుకోలేదురా, అందుకే ఎవరో అనుకున్నా.’ తర్వాత ‘సేవ్’ వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది. ఈ రెండింటి పక్కనే, ఎవరూ పట్టించుకోని మూడో మాట ఒకటుంది: ఎక్కించు. ‘ఈ నంబరు కూడా ఫోన్లో ఎక్కించు’ అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఈ మాట మనకి కొత్తదేమీ కాదు. లెక్క పుస్తకానికి ఎక్కిస్తాం. జాబితాలో పేరు ఎక్కిస్తాం. ఫోన్లో పాటలు ఎక్కించుకున్నాం, రీఛార్జి ఎక్కిందో లేదో చూసుకున్నాం, ఛార్జింగ్ ఎక్కట్లేదని విసుక్కున్నాం. పాఠం బుర్రకెక్కడం సరేసరి. బయట ఉన్నదాన్ని లోపల నిలిచిపోయేలా చేర్చడం అనే అర్థం వీటన్నిటిలో ఉంది. ‘భద్రపరచు’లో ఉన్నది వేరు, అది పోకుండా కాపాడటం. ‘సేవ్’ అనే మాటను ఎదురుగా పెట్టుకుని చేసిన అనువాదం అది. ఫోన్లో మనం చేసేది మాత్రం ఒక అంకెల వరసకి పేరు తగిలించి, వెతికితే దొరికే చోట చేర్చడమే. ఆ పనిని చూస్తే ‘ఎక్కించు’ అన్నదే నాకు దగ్గరగా కనిపిస్తోంది.

ఎక్కించినదానికి జోడీ క్రియ కూడా ఉంది చూడండి: పడు. ‘నువ్వు చేస్తే నీ పేరు పడలేదు, ఉత్త నంబరే పడింది.’ తెర మీద కనిపించడాన్ని ‘పడడం’ అనమని ఏ అనువాదకుడూ మనకి నేర్పలేదు. ఎక్కించినవాళ్ళ పేరు పడుతుంది, ఎక్కించనివాళ్ళ నంబరు పడుతుంది. ఇంత చక్కటి జంట దొరికాక కొత్త మాట పుట్టించాల్సిన అవసరం ఏముంది?

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. మనం ‘సేవ్’ అన్నా ‘ఫీడ్’ అన్నా ‘ఎక్కించు’ అన్నా, తెలుగుతనం ఆ మాట చివర్లో ఉంది. ‘సేవ్ చేసుకో’ వేరు, ‘సేవ్ చేసి పెట్టు’ వేరు. మొదటిది నీ ఫోన్లో నీ కోసం. రెండోది వేరేవాళ్ళ ఫోన్లో వాళ్ళ కోసం. ‘సేవ్ చేసుకో’ అని ఎవరైనా అంటే ఎవరి ఫోన్లో అని మనం అడగం. ‘కో’ ఆ సంగతి చెప్పేస్తుంది. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు. రాసుకో, దాచుకో, గుర్తుపెట్టుకో అన్నవన్నీ అదే వరస. ‘పెట్టు’ చేరితే పని చేసేది ఒకరు, ఫలితం ఇంకొకరిది. రాసి పెట్టు, చదివి పెట్టు, ఎక్కించి పెట్టు. ఇంగ్లీషు మాట ఎంత లోపలికొచ్చినా ఈ తోక మాత్రం మనదే. సేవ్‌కి బదులు వెతికేవాళ్ళు ముందు ఈ తోకని చూడాలని నా మనవి.

మా అమ్మ పాత ఫోన్ సంగతి చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అందులో ఒక అంకెకి ఒక నంబరు కట్టి పెట్టుకునే వీలుంది. రెండు నుంచి తొమ్మిది దాకా ఏ అంకెనైనా నొక్కి పట్టుకుంటే చాలు, దానికి కట్టిన నంబరుకి ఫోన్ వెళ్ళిపోతుంది. ఒకటి మామూలుగా వాయిస్ మెయిల్‌కి పోతుంది. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి పేర్ల పట్టీతో పని లేదు. ‘రెండులో నువ్వున్నావు, మూడులో అక్క ఉంది, నాలుగులో బాబాయి’ అనేది. అంకెకి ‘లో’ చేర్చి మనిషిని అందులో కూర్చోబెట్టేసింది. ‘నొక్కి పట్టుకో’ అన్నది కూడా గమనించండి. ఇప్పుడు కొన్ని తెరల మీద ‘దీర్ఘంగా నొక్కండి’ అని రాస్తున్నారు. అమ్మ నోట్లో ఉన్నది దానికన్నా ఎంత నేరుగా ఉందో!

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆ ఫోన్లలో రెండు మీద ఎ, బి, సి. ఆరు మీద ఎం, ఎన్, ఓ. ‘అమ్మ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాలంటే రెండు ఒకసారి, ఆరు ఒకసారి, క్షణం ఆగి మళ్ళీ ఆరు ఒకసారి, రెండు ఒకసారి. ఆ క్షణం ఆగకపోతే? రెండు ఆర్లూ కలిసి ‘ఎన్’ అయిపోతుంది, ‘అమ్మ’ కాస్తా ‘అన’ అవుతుంది. ‘నాన్న’కి ఎనిమిది నొక్కులు, మధ్యలో ఒక ఆగడం. అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, అవ్వ, అయ్య... మన దగ్గరి చుట్టాల పేర్లలో ఎన్నిటికి ద్విత్వాక్షరం ఉందో ఆ బటన్ల మీద నాకు మొదటిసారి తెలిసింది. ఒత్తు దగ్గరకొచ్చేసరికి వేలు ఆగేది.

మీ దగ్గర ఏమంటారు? ‘ఎక్కించు’ మీరూ విన్నారా?

జవాబులు

మా ఇంట్లోనూ ‘ఎక్కించు’ ఉందండీ, కానీ నంబరుకి కాదు, పాటలకీ సినిమాలకీ. నంబరుకి ‘వేసుకో’ అంటాం. ‘నా నంబర్ వేసుకో’ అంటే అది సేవ్ చేసుకోమనే. ‘ఎక్కించు’లో కాస్త బరువు ఉన్నట్టుంది. గంపెడు సరుకు బండికి ఎక్కించినట్టు. ఒక్క నంబరుకి అంత మాట అవసరమా?

• ‘వేసుకో’ బాగుందండీ, నేను మరిచేపోయాను. బరువు గురించి మాత్రం ఒప్పుకోను. ‘జాబితాలో నా పేరు ఎక్కించారా?’ అని అడిగినప్పుడు ఎక్కేది ఒక్క పేరే. అక్కడ బరువు ఎవరికీ తోచదు. అయినా ఒకే పనికి రెండు మూడు మాటలు ఉంటే మంచిదే, రెండూ ఉంచుకుందాం.

డయల్ చేయడం గురించి ఎవరూ అనలేదే. నేను చిన్నప్పటి నుంచీ ‘నంబర్ కొట్టు’ అనే విన్నాను. ‘నంబర్ కొట్టి పచ్చ బటన్ నొక్కు.’ టైపు కొట్టడం, గంట కొట్టడం, ముద్ర కొట్టడం వరసలోదేనా ఇది? అంతకుముందు గుండ్రటి చక్రం ఉన్న ఫోన్లకి ‘తిప్పు’ అనేవారట కదా.

• అవునండీ, అదే వరస అనుకుంటాను. వేలుతో గట్టిగా తాకి చేసే పనులకి ‘కొట్టు’ సహజంగా వచ్చేస్తుంది. చక్రం పోయాక ‘తిప్పు’ పోయింది. కానీ దాని తోటివి కొన్ని బతికే ఉన్నాయి. ‘ఫోన్ ఎత్తట్లేదు’, ‘ఫోన్ పెట్టేశాడు’, ‘లైన్ కలవట్లేదు’ అన్నవన్నీ రిసీవరు ఎత్తి, పెట్టి, ఆపరేటరు కలిపిన కాలానివి. జేబులో ఫోనుకి ఎత్తడానికీ పెట్టడానికీ ఏమీ లేదు, అయినా అంటూనే ఉన్నాం. ఇంగ్లీషులోనూ అంతే. ‘డయల్’ అన్న మాట మొదట ఎండగడియారానిది, తర్వాత గడియారం ముఖానికి, ఆ తర్వాత ఫోన్ చక్రానికి వచ్చింది. చక్రం పోయినా మాట పోలేదు. కాబట్టి ‘ఎత్తు’, ‘పెట్టేయి’ అన్నవి పాతబడ్డాయని ఎవరైనా దిద్దబోతే ఒప్పుకోకండి.

‘కాంటాక్ట్స్’కి ‘పరిచయాలు’ అని కొన్ని ఫోన్లలో చూశాను. దాని మీద మీ అభిప్రాయం?

• నచ్చదండీ. నీళ్ళ పైపు బాగుచేసే ఆయన నంబరు నా ఫోన్లో ఉంది, ఆయనతో నాకు పరిచయం లేదు. పాత నోకియా ఫోన్లలో కొన్నింటికి తెర కింద కుడివైపు ‘నేమ్స్’ అని ఉండేది. దాన్ని అలాగే ‘పేర్లు’ అంటే అయిపోయేది. ‘పేర్లలోకి వెళ్ళి చూడు’ అంటే ఎవరికి అర్థం కాదు?

సిమ్ ప్రమాణాల్లో ఈ పట్టీకి పెట్టిన పేరు ఇంకా ఆసక్తిగా ఉంటుంది: ‘అబ్రీవియేటెడ్ డయలింగ్ నంబర్స్’. అంటే కురచ చేసి కొట్టే నంబర్లు. అందులో మనిషి ఊసే లేదు, కొట్టే శ్రమ తగ్గించడమే ఉద్దేశం. సిమ్‌లో ఒక్కో నంబరుకి ఒక్కో వరస సంఖ్య ఉంటుంది. చాలా పాత ఫోన్లలో ఐదు కొట్టి హ్యాష్ కొడితే సిమ్‌లో ఐదో గడిలో ఉన్న నంబరు తెర మీద పడేది. పేరు వెతకనక్కర్లేదు. మా అమ్మ ‘రెండులో’ అన్నది దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ‘గడి’ అన్న మాట కూడా ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ‘మెమరీ లొకేషన్’ని ‘స్మృతి స్థానం’ అనే బదులు ‘గడి’ అనొచ్చు.

పేర్లు తెలుగు లిపిలోనే ఎక్కించి ఉంటే మీరన్న ఒత్తు బాధ ఉండేది కాదు కదా. అప్పుడు ఎందుకు కుదరలేదు?

• రెండు కారణాలు. ఒకటి, ఆ ఫోన్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు చూపించే ఫాంటే లేదు. రెండోది సిమ్‌లో చోటు. చాలా సిమ్ముల్లో ఒక్కో పేరుకి 14 బైట్లే ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో బైటు చాలు కాబట్టి 14 అక్షరాలు పట్టేవి. ఆ సిమ్ అక్షరమాలలో ఉన్నవి 128 గడులు, అందులో రోమన్ లిపితో పాటు కొన్ని గ్రీకు పెద్దక్షరాలకి కూడా చోటుంది. మనకి లేదు. వేరే లిపి కావాలంటే మామూలు పద్ధతిలో ‘ఇది వేరే లిపి’ అని చెప్పే గుర్తుకి ఒక బైటు పోను, ఒక్కో సంకేతానికి రెండేసి బైట్లు. అంటే ఆరు సంకేతాలు మాత్రమే పడతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ‘అమ్మ’ అంటే అ, మ, పొల్లు, మ. నాలుగు. పడుతుంది. ‘నాన్న’ అంటే న, దీర్ఘం, న, పొల్లు, న. ఐదు. పడుతుంది. ‘పెద్దనాన్న’ పది, పట్టదు. కంటికి నాలుగక్షరాలే, లోపల పది. మన గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి.

ఇంగ్లీషు అక్షరాల్లోనూ చోటు చాలని సందర్భాలు ఉండేవి. ‘పెద్దనాన్న’కి పది అక్షరాలు, ఒక ఖాళీ. మిగిలేవి మూడు. ఒకసారి ఫోన్లోని పేర్లన్నీ సిమ్‌లోకి ఎక్కించాను. ‘పెద్దనాన్న ఆఫీస్’ అని ఉన్నది ‘పెద్దనాన్న ఆఫ్’ అయి కూర్చుంది. ఆయన ఫోన్ వచ్చినప్పుడల్లా అదే పడేది, చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది. చివరికి ఆయన్ని ‘పెదనాన్న’ చేసి ఒక అక్షరం మిగుల్చుకున్నాను. అలా కూడా ‘ఆఫీస్’ పూర్తిగా పట్టలేదు. అందుకని ‘పెదనాన్న పని’ అని మార్చాను. అది సరిగ్గా సరిపోయింది, ఒక్క గడి కూడా మిగల్లేదు.

అమ్మగారి ‘రెండులో నువ్వున్నావు’ చదివి కళ్ళు చెమ్మగిల్లాయండీ. ఆవిడ ఇంకా ఆ ఫోనే వాడుతున్నారా?

• లేదండీ, దాని బటన్లు అరిగిపోయి ఈ మధ్యే మార్చాం. సిమ్ అదే కాబట్టి నంబర్లు అన్నీ వచ్చాయి. కానీ ఏ అంకెకి ఎవరన్నది పాత ఫోన్లోనే ఉండిపోయింది, సిమ్‌తో రాలేదు. అమ్మ కొత్త ఫోన్ తీసుకుని రెండు నొక్కి పట్టుకుంది. ఏమీ కాలేదు. ‘నువ్వు రెండులో లేవేంటి?’ అని అడిగింది. అప్పుడే కూర్చుని రెండు నుంచి ఆరు దాకా అందరినీ పాత వరసలోనే ఎక్కించి పెట్టాను.