రొయ్యల ప్లాంటుకి బయటి మానిటర్ వస్తున్నాడు, రిపోర్టు ఎవరికి ఇవ్వాలి?

క్యూసీ_మేడం_నెల్లూరు:
నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో పదకొండేళ్లుగా క్వాలిటీ చూస్తున్నాను. యూరప్‌కి పంపిన మా కంటైనర్ ఒకటి నైట్రోఫ్యూరాన్ అనే నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయని వెనక్కి వచ్చింది. 2016లోనే యూరప్ వాళ్లు మన రొయ్యల్లో పరీక్షించే సరుకుని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు, దొరక్కుండా పోయే రోజులు కావివి. ఆ లాటు ఫైల్లో పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టడానికి, ముందు శాంపిల్ పరీక్ష చేయించి తీసుకునే పి.హెచ్.టి. సర్టిఫికెట్ ఉంది, మా ల్యాబ్ రిపోర్టు ఉంది, కింద నా సంతకం ఉంది. ఆ సంతకం గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు.

ఏడాదిపాటు బయటి మానిటర్ ఉంటేనే సరుకు కొంటామని బయ్యర్ అన్నాడు. మా మేనేజ్‌మెంట్ మాట్లాడుతున్న కన్సల్టెన్సీ ఏదంటే, మూడేళ్ల కిందట మా హాసప్ (ఆహార భద్రత పద్ధతుల) మాన్యువల్ రాసిచ్చినదే. రిపోర్టు ముందు ఎండీగారు చూస్తారట, ఆ తర్వాతే బయ్యర్‌కి. ఇది తప్పని నాకు అనిపిస్తోంది. ఆయనకి ఎట్టా చెప్పాలి?

ఒంగోలు_సీఏ:
తప్పే మేడం. కంపెనీల చట్టం 2013లో 144వ సెక్షన్ చూపించండి. ఖాతాలు ఆడిట్ చేసేవాళ్లు అదే కంపెనీకి ఖాతాలు రాయకూడదు, ఇంటర్నల్ ఆడిట్ కూడా చేయకూడదు. మీ విషయానికి ఆ సెక్షన్ నేరుగా వర్తించదు కానీ కారణం ఒకటే, తాను రాసిన మాన్యువల్లో తప్పుందని ఎవరు రాస్తారు? ఫీజు మీరే కట్టినా ఫర్వాలేదు. ఏడాది ఫీజు ముందే కట్టేయండి, బయ్యర్ ఒప్పుకోకుండా మానిటర్‌ని తీసేయడానికి వీల్లేదని అగ్రిమెంటులో రాయించండి. రిపోర్టు ఇద్దరికీ ఒకే రోజు వెళ్లాలి. ఎండీగారికి అభ్యంతరం ఉంటే విడిగా రాసి జతచేస్తారు, అంతేగానీ రిపోర్టుని దిద్దకూడదు.

ల్యాబ్_కావలి:
ల్యాబుల్లో చేసే ఎలీసా వడపోత పరీక్ష మాత్రమే, అనుమానం వస్తే అవశేషాన్ని కచ్చితంగా గుర్తించే ఎల్సీ-ఎమ్మెస్ మిషన్ మీద తేల్చుకోవాలి. నేను పాత ఉద్యోగంలో చూసిన దరిద్రం ఒకటుంది. ఫెయిలైతే పాసయ్యేదాకా కొత్త శాంపిల్ పెడుతూ పోయేవాళ్లు, ఫైల్లోకి చివరిదే వచ్చేది. మిషన్లో రికార్డైన అన్ని పరీక్షలూ, ఫెయిలైనవి కూడా, మానిటర్‌కి చూపించండి. ఇంకోటి, నైట్రోఫ్యూరాన్ మందు కొద్ది గంటల్లోనే కనపడకుండా పోయినా, అది ఒంట్లో విరిగి తయారయ్యే మెటబొలైట్లు కండలో వారాల తరబడి ఉంటాయి. 'మందు ఎప్పుడో ఆపేశాం' అనే మాట నమ్మొద్దు.

అల్లూరు_చెరువు:
అమ్మా, కాగితాలు ఎంత చూసినా మా గట్టు మీద జరిగేది తెలీదు. శాంపిల్ నా చెరువులో తీస్తారు. పట్టుబడి రాత్రి ఏజెంటు నా సరుకుతో పాటు ఇంకో చెరువు సరుకు కూడా అదే బండిలో ఎత్తుతాడు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) ఒకటే అయితే ఐసులో ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? ఆ మానిటర్‌ని చెప్పకుండా ఒక పట్టుబడికి రమ్మనండి, రాత్రి రెండింటికి. మందులు కొన్న షాపు బిల్లులు కూడా అడగమనండి. బిల్లే లేని డబ్బాలు వస్తాయి మాకు, లోపల ఏముందో మాకూ తెలీదు.

క్యూసీ_మేడం_నెల్లూరు:
అన్నా, మీ మాట చదివి ఆ లాటు మళ్లీ తీశాను. సర్టిఫికెట్ మీద చెరువు అంచనా మూడు టన్నులు. మా రిసీవింగ్ రిజిస్టర్‌లో అదే నంబరు కింద దిగిన సరుకు ఐదు టన్నుల పైన. రెండు కాగితాలూ నా చేతి మీదుగానే వెళ్లాయి, పక్కపక్కన పెట్టి మాత్రం ఎప్పుడూ చూడలేదు. రేపు పొద్దున రెండూ తీసుకుని ఎండీగారి దగ్గరికి వెళ్తున్నాను. సీఏగారూ, అగ్రిమెంటు షరతులు తెల్లకాగితం మీద రాసుకున్నాను, అవీ ఇస్తాను.